డిస్కుల శ్రేణి కూలినప్పుడు: ఇంటి కంప్యూటరులోని సమాచారాన్ని తిరిగి రాబట్టడం ఎలా?

కోల్‌కతా నగరానికి నైరుతి దిక్కున, హుగ్లీ నది ఒడ్డున ఉన్న ప్రాంతం గార్డెన్ రీచ్. మన తెలుగువారికి ఈ పేరు కొత్తది కాదు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. 2003 ఏప్రిల్ 1న వాల్తేరు డివిజను తూర్పు కోస్తా రైల్వేలోకి మారేవరకు ఆ కార్యాలయం కిందనే ఉండేది. రైల్వే ఉద్యోగాల వెంట ఖరగ్‌పూరుకు, గార్డెన్ రీచ్‌కు వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. ఆ ఇంట్లో ఒక కంప్యూటరు. అందులో నాలుగు హార్డ్ డిస్కులు. పెళ్ళి వీడియోలు, పిల్లల ఫొటోలు, కాలం చేసిన పెద్దవారి గొంతు రికార్డు చేసిన ఫైళ్ళు, ఇంటి పన్ను కాగితాల నకళ్ళు అన్నీ వాటిలోనే దాచారు. ఒక డిస్కు చెడిపోయినా సమాచారం పోకూడదని నాలుగింటినీ కలిపి ఒక శ్రేణిగా ఏర్పాటు చేసుకున్నారు. బెంగాల్‌లో వేసవి సాయంత్రాలలో ‘కాలబైశాఖి’ అనే గాలివానలు వస్తాయి. ఒక సాయంత్రం అలాంటి గాలివానలో కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయింది. తిరిగి కంప్యూటరు వేస్తే శ్రేణి కనబడలేదు. రెండు డిస్కులు ‘ఫెయిల్’ అని చూపిస్తోంది.

ఆ ఇంటివారు ఇప్పుడు ఏం చేయాలి? ఏం చేయకూడదు? ఈ పాఠంలో మనం చర్చించే విషయం ఇదే. ముందుగా ఒక్క మాట చెప్పుకుందాం. శ్రేణి కూలిపోవడం వేరు, సమాచారం నశించడం వేరు. చాలా సందర్భాలలో శ్రేణి కూలిన క్షణానికి సమాచారం ఇంకా డిస్కుల మీద భద్రంగానే ఉంటుంది. దాన్ని నిజంగా పోగొట్టేది ఆ తరువాతి గంటలో కంగారులో మనం డిస్కుల మీద రాసే రాత. ఈ సూత్రం ఎందుకు నిజమో అర్థం కావాలంటే శ్రేణి ఎలా పని చేస్తుందో తెలియాలి.

రెయిడ్ అంటే ఏమిటి?

డిస్కుల శ్రేణిని సాంకేతికంగా ‘రెయిడ్’ అంటారు. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీకి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ ప్రచురించిన ఒక పరిశోధన పత్రం ఈ పేరును వ్యాప్తిలోకి తెచ్చింది. ఆ రోజుల్లో పెద్ద కంప్యూటర్లలో వాడే డిస్కులు చాలా ఖరీదైనవి. వాటి బదులు చౌకగా దొరికే చిన్న డిస్కులను అనేకం కలిపి వాడితే ఎలా ఉంటుందన్నది వారి ఆలోచన. అయితే డిస్కుల సంఖ్య పెరిగినకొద్దీ వాటిలో ఏదో ఒకటి చెడిపోయే అవకాశం కూడా పెరుగుతుంది. కాబట్టి ఒకటి పోయినా పని ఆగకుండా కొంత అదనపు సమాచారాన్ని ముందే రాసి పెట్టుకోవాలి. రెయిడ్ సారాంశం ఇంతే.

ఇంటి కంప్యూటర్లలో ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది రెయిడ్ 0. ఇందులో సమాచారాన్ని ముక్కలు చేసి డిస్కులన్నిటికీ పంచుతారు. అదనపు సమాచారం ఏమీ ఉండదు. వేగం పెరుగుతుంది కాని రక్షణ లేదు. ఒక్క డిస్కు పోయినా శ్రేణి మొత్తం పోతుంది. రెండవది రెయిడ్ 1. ఒకే సమాచారాన్ని రెండు డిస్కుల మీద అచ్చంగా రాస్తారు. ఒకటి పోతే రెండవది ఉంటుంది. మూడవది రెయిడ్ 5. దీనికి కనీసం మూడు డిస్కులు కావాలి. ఇందులో ‘పారిటీ’ అనే లెక్క ఆధారంగా రక్షణ లభిస్తుంది. మనం ఊహించుకున్న ఇంట్లో ఉన్నది ఇదే.

పారిటీ లెక్క

పారిటీని అర్థం చేసుకోవడానికి ఇంటి పద్దుల పుస్తకం చాలు. పాలకు, కూరగాయలకు, కరెంటు బిల్లుకు అయిన ఖర్చులు మూడు వరుసల్లో రాసి, కింద మొత్తం వేశారనుకోండి. ఒక వరుస మీద నీళ్ళు పడి అంకె చెరిగిపోయింది. మొత్తంలోంచి మిగిలిన రెండూ తీసేస్తే చెరిగిన అంకె తెలిసిపోతుంది. కాని రెండు వరుసలు చెరిగిపోతే? అప్పుడు ఆ రెండింటి మొత్తం మాత్రమే తెలుస్తుంది, విడివిడిగా ఏది ఎంతో తెలియదు.

కంప్యూటరు కూడిక బదులు ‘ఎక్స్‌క్లూజివ్ ఆర్’ అనే లెక్క వాడుతుంది. దీని నియమం సులభం. నిలువు వరుసలో 1లు బేసి సంఖ్యలో ఉంటే ఫలితం 1, సరి సంఖ్యలో ఉంటే 0. ఉదాహరణకు మూడు డిస్కుల మీద ఈ బిట్లు ఉన్నాయనుకుందాం.

మొదటి డిస్కు: 1011
రెండవ డిస్కు: 0110
మూడవ డిస్కు: 1100
పారిటీ: 0001

ఇప్పుడు రెండవ డిస్కు చెడిపోయింది. మిగిలినవి 1011, 1100, 0001. వీటికి అదే లెక్క చేయండి. ఫలితం 0110. పోయిన డిస్కు మీద ఉన్నది అదే. రెయిడ్ 5లో పారిటీ అంతా ఒకే డిస్కు మీద ఉండదు. ముక్కముక్కకు ఒక్కొక్క డిస్కు మీదికి మారుతూ వెళుతుంది. లెక్క మాత్రం ఇదే.

గార్డెన్ రీచ్‌లో 1960 నుంచి ప్రభుత్వ ఆధీనంలో ఉన్న నౌకా నిర్మాణ సంస్థ ఉంది. అలాంటి చోట్ల కట్టే యుద్ధనౌకల అడుగు భాగాన్ని నీరు చొరబడని గదులుగా విభజిస్తారు. ఒక గదిలో నీరు నిండినా నౌక తేలుతుంది. రెయిడ్ ఏర్పాటు కూడా అలాంటిదే. ఒక గది నిండినప్పుడు నౌక మునగకపోవచ్చు, కాని దాని ఓర్పు అంతటితో తీరిపోయిందని నావికులకు తెలియాలి. తెలియకుండా అదే విధంగా ప్రయాణం సాగిస్తే తరువాతి దెబ్బకు నౌక మునుగుతుంది. ఇంటి కంప్యూటర్లలో శ్రేణులు ఎక్కువగా కూలేది ఈ రీతిలోనే. మొదటి డిస్కు నెలల క్రితమే తప్పుకుంటుంది. పని ఆగదు కాబట్టి ఎవరూ గమనించరు. రెండవది తప్పుకున్న రోజే మొదటి సంగతి కూడా బయటపడుతుంది.

‘ఫెయిల్’ అంటే చచ్చిపోయిందని కాదు

తెర మీద ‘ఫెయిల్’ అన్న మాట చూడగానే డిస్కు పాడైపోయిందని అనుకుంటాం. నిజానికి ఆ మాటకు అర్థం, శ్రేణిని నడిపే ప్రోగ్రాము అడిగిన సమయంలో ఆ డిస్కు జవాబు చెప్పలేదని మాత్రమే. దీనికి కారణాలు చాలా ఉండవచ్చు.

ఒకటి, కేబులు వదులైపోవడం, కనెక్టరు మీద తుప్పు పట్టడం. నది ఒడ్డున, తేమ ఎక్కువగా ఉండే చోట్ల ఇది మరచిపోకూడని కారణం. రెండు, కంప్యూటరు పవర్ సప్లై బలహీనపడి నాలుగు డిస్కులు ఒకేసారి తిరగడం మొదలుపెట్టినప్పుడు చాలినంత కరెంటు ఇవ్వలేకపోవడం. మూడవది కొంచెం సూక్ష్మమైనది. మామూలు డెస్క్‌టాప్ డిస్కు ఒక చెడ్డ సెక్టరు ఎదురైతే దాన్ని ఎలాగైనా చదవాలని ఒక్కొక్కసారి నిమిషం పైగా పదే పదే ప్రయత్నిస్తుంది. లినక్స్ వ్యవస్థ మాత్రం సాధారణంగా 30 సెకన్లు చూసి, జవాబు రాకపోతే డిస్కును రీసెట్ చేస్తుంది. ఆ గందరగోళంలో డిస్కు శ్రేణి నుంచి బయటపడుతుంది. ఒక్క సెక్టరు కోసం డిస్కు మొత్తాన్ని వెలి వేసినట్లన్నమాట. శ్రేణుల కోసం ప్రత్యేకంగా తయారయ్యే డిస్కులు సాధారణంగా 7 సెకన్లలో ప్రయత్నం మానుకొని, ‘ఈ సెక్టరు చదవలేకపోయాను’ అని చెప్పేస్తాయి. వాటి ధరలో తేడాకు ఇది ఒక కారణం.

నాలుగవ కారణం కరెంటు హఠాత్తుగా పోవడం. రెయిడ్ 5లో ఏ మార్పు చేసినా రెండు చోట్ల రాయాలి. సమాచారం ఒక డిస్కు మీద, కొత్త పారిటీ మరొక డిస్కు మీద. మొదటిది రాసి, రెండవది రాసే లోపల కరెంటు పోతే రెండూ పొసగవు. పద్దు మార్చి మొత్తం మార్చకపోవడం లాంటిది ఇది. దీన్ని ‘రైట్ హోల్’ అంటారు. 2020 మే 20న అంఫన్ తుఫాను తాకినప్పుడు కోల్‌కతాలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తరువాత విశాఖపట్నం పరిస్థితి కూడా అంతే. ఒక్కసారిగా పోయి తిరిగి రాని కరెంటు కన్నా, పోతూ వస్తూ ఉండే కరెంటు డిస్కులకు ఎక్కువ ప్రమాదం.

మొదటి గంట: చేయకూడనివి

1. విండోస్ వ్యవస్థ ‘ఈ డిస్కును ఇనీషియలైజ్ చేయాలి’ అని గాని, ‘ఫార్మాట్ చేయాలి’ అని గాని అడిగితే ఒప్పుకోకండి. దానికి తెలియని ఏర్పాటు కనబడితే అది అలా అడుగుతుంది. సమాచారం లేదని దాని అర్థం కాదు.

2. శ్రేణిని మళ్ళీ కొత్తగా తయారుచేసే ఆదేశం ఇవ్వకండి. లినక్స్‌లో శ్రేణులను నడిపే ప్రోగ్రాము పేరు ఎండీఏడీఎం. ఇందులో ‘అసెంబుల్’, ‘క్రియేట్’ అని రెండు ఆదేశాలు ఉన్నాయి. మొదటిది ఉన్న ముక్కలను గుర్తుపట్టి కలుపుతుంది. రెండవది పాత గుర్తులను తుడిచి కొత్తవి రాస్తుంది. డిస్కుల క్రమం తప్పుగా ఇచ్చి, క్రియేట్ తరువాత పారిటీని తిరిగి రాయనిస్తే అసలు సమాచారం మీదనే తప్పు అంకెలు పడతాయి.

3. బయటపడిన డిస్కును తీసి ‘యాడ్’ ఆదేశంతో తిరిగి చేర్చకండి. దాని మీది పాత గుర్తులు పోయి, అది ఖాళీ డిస్కుగా లెక్కకు వస్తుంది.

4. ఫైల్ వ్యవస్థను బాగుచేసే ప్రోగ్రాములు నడపకండి. తప్పుగా కలిపిన శ్రేణి మీద వాటిని నడిపితే అవి మంచి ఫైళ్ళను కూడా చెడ్డవిగా భావించి ‘సరిదిద్దుతాయి’.

5. డిస్కు నుంచి టక్ టక్ మని క్రమంగా శబ్దం వస్తుంటే వెంటనే కరెంటు ఆపండి. చదివే హెడ్ పళ్ళెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మన వెంట్రుక మందంతో పోలిస్తే అది వేల వంతుల చిన్నది. హెడ్ దెబ్బతిని పళ్ళేన్ని గీస్తుంటే ప్రతి నిమిషం కొంత సమాచారం పొడిగా రాలిపోతున్నట్లే. అలాంటి డిస్కును ఇంట్లో విప్పకూడదు. దుమ్ములేని గది ఉన్న నిపుణుల దగ్గరకే పంపాలి. ఫ్రిజ్‌లో పెడితే బాగుపడుతుందన్న చిట్కాను నమ్మవద్దు. తేమ నిండిన గాలిలోకి చల్లని లోహాన్ని తీస్తే దాని మీద నీటి బిందువులు కడతాయి.

ఇక చేయవలసినవి

మొదటి మెట్టు, కంప్యూటరును ఆపి డిస్కులకు గుర్తులు పెట్టడం. ఏ డిస్కు ఏ కేబులుకు ఉన్నదో ఫొటో తీయండి. 1, 2, 3, 4 అని చీటీలు అంటించి, ప్రతి డిస్కు సీరియల్ నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. ఈ పని పది నిమిషాలు. ఇది చేయకపోతే తరువాత పది గంటలు పోతాయి.

రెండవ మెట్టు, కేబుళ్ళు, పవర్ సప్లై మార్చి చూడడం. వీలైతే డిస్కులను వేరే కంప్యూటరుకు తగిలించి, పెన్ డ్రైవ్ నుంచి నడిచే లినక్స్‌తో తెరవండి. శ్రేణులను తనంతట తాను కలపకుండా ఆపే అమరిక ముందే పెట్టుకోండి. ఇంటెల్ మదర్‌బోర్డుల మీద చేసిన రెయిడ్ గుర్తులను కూడా ఎండీఏడీఎం చదవగలదు. కాబట్టి మదర్‌బోర్డు కాలిపోయినంత మాత్రాన శ్రేణి పోయిందని అనుకోనక్కరలేదు.

మూడవ మెట్టు, ప్రతి డిస్కు ఆరోగ్య పత్రం చూడడం. డిస్కులు తమ లోపాలను తామే లెక్కపెట్టుకుంటాయి. ఈ ఏర్పాటును ‘స్మార్ట్’ అంటారు. ఇందులో నాలుగు అంకెలు చూడండి. 5వ అంశం, పాడై మరో చోటికి మార్చిన సెక్టర్ల సంఖ్య. 197వది, చదవలేక అనుమానంలో పెట్టినవి. 198వది, పరీక్షలో సరిదిద్దలేకపోయినవి. 199వది, కేబులు మీద ప్రయాణంలో దెబ్బతిన్న సమాచారం లెక్క. 199 పెరిగి, మిగతావి సున్నాగా ఉంటే దోషం చాలావరకు కేబులుది, డిస్కుది కాదు.

అయితే ఆరోగ్య పత్రం శుభ్రంగా ఉంటే డిస్కు కూడా శుభ్రంగా ఉందని కాదు. 2007లో గూగుల్ సంస్థ పరిశోధకులు తమ డిస్కుల మీద జరిపిన అధ్యయనంలో, చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా ముఖ్యమైన నాలుగు సూచికల్లో ఏ హెచ్చరికా ఇవ్వలేదు. అదే అధ్యయనంలో మరో సంగతి తేలింది. ఉపరితల పరీక్షలో మొదటి లోపం కనబడిన డిస్కు, అలాంటి లోపం లేనిదానికంటే తరువాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ. అంటే హెచ్చరిక వస్తే నమ్మాలి, రాకపోతే ధీమాగా ఉండకూడదు.

నాలుగవ మెట్టు అన్నిటికంటే ముఖ్యమైనది. ప్రతి డిస్కుకూ నకలు తీయడం. దీనికి గ్నూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. మామూలు కాపీ మొదటి చెడ్డ సెక్టరు దగ్గర ఆగిపోతుంది. డీడీరెస్క్యూ మాత్రం సులభంగా చదవగలిగినదంతా ముందు చదివేసి, కష్టమైన చోట్లను ఒక పటంలో గుర్తు పెట్టుకొని చివరకు వాటి దగ్గరకు వస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ పటం ఆధారంగా ఆగిన చోటి నుంచే మొదలుపెడుతుంది. పరీక్షలో తెలిసిన ప్రశ్నలు ముందు రాసి, తెలియనివి చివరకు ఉంచుకునే విద్యార్థి పద్ధతి ఇది.

దీనికి ఎంత సమయం పడుతుంది? 4 టెరాబైట్ల డిస్కును సెకనుకు సగటున 150 మెగాబైట్ల వేగంతో చదివితే దాదాపు ఏడున్నర గంటలు. చెడ్డ సెక్టర్లు ఉంటే రోజులు పట్టవచ్చు. అంతే పరిమాణం గల కొత్త డిస్కులు కొనాలి. ఖర్చు అనిపిస్తుంది. కాని ఆ డిస్కుల మీద ఉన్న పెద్దవారి గొంతు ఏ దుకాణంలోనూ దొరకదు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. నిజంగా కొనలేనివారికి లినక్స్‌లో ‘ఓవర్లే’ అనే పద్ధతి ఉంది. అసలు డిస్కు మీద పారదర్శకమైన కాగితం పరచి దాని మీద రాసినట్లు, మార్పులన్నీ వేరే ఫైలులో పడతాయి. డిస్కు మాత్రం మారదు. అయితే అది డిస్కు చదవగలిగే స్థితిలో ఉన్నప్పుడే పనికి వస్తుంది.

ఎవరు ఎప్పుడు తప్పుకున్నారు?

ఇప్పుడు అయిదవ మెట్టు. శ్రేణిలోని ప్రతి డిస్కు మీద ఒక చిన్న గుర్తింపు పత్రం ఉంటుంది. దీన్ని ‘సూపర్ బ్లాక్’ అంటారు. ఇది ఏ శ్రేణికి చెందినది, అందులో దీని స్థానం ఎంత, సమాచారాన్ని ఎంత ముక్కలుగా కోశారు అన్నవి అందులో ఉంటాయి. ‘ఈవెంట్ కౌంట్’ అనే అంకె కూడా ఉంటుంది. శ్రేణి స్థితి మారినప్పుడల్లా ఈ అంకె పెరుగుతుంది. శ్రేణి నుంచి బయటపడిన డిస్కు మీద మాత్రం పెరగదు, బయటపడిన నాటి అంకె దగ్గరే నిలిచిపోతుంది. ఎండీఏడీఎం ‘ఎగ్జామిన్’ ఆదేశం వీటిని చదివి చూపిస్తుంది. ఏమీ రాయదు.

మన ఉదాహరణలోని ఇంట్లో ఆ అంకెలు ఇలా ఉన్నాయనుకుందాం.

1వ డిస్కు: 18240
2వ డిస్కు: 18240
3వ డిస్కు: 18236
4వ డిస్కు: 9105

ఈ నాలుగు అంకెలే జరిగిన కథ చెబుతున్నాయి. 4వ డిస్కు ఎప్పుడో, ఉదాహరణకు డిసెంబరులో, తప్పుకుంది. ఆ తరువాత శ్రేణి మూడు డిస్కులతోనే నడిచింది. గాలివాన నాడు 3వ డిస్కు తప్పుకుంది. అప్పుడు శ్రేణి ఆగిపోయింది కాబట్టి దానికీ మొదటి రెండింటికీ తేడా 4 మాత్రమే.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోండి. రెండు డిస్కులూ ఇప్పుడు బాగానే తిరుగుతున్నాయి అనుకుందాం. దేన్ని వాడాలి? 4వ డిస్కు స్మార్ట్ పత్రం శుభ్రంగా ఉండి, 3వ దానిలో కొన్ని చెడ్డ సెక్టర్లు ఉంటే ‘ఆరోగ్యంగా ఉన్నది కదా’ అని 4వది ఎంచుకోవాలనిపిస్తుంది. అది పొరపాటు. 4వ డిస్కు మీద ఉన్నది డిసెంబరు నాటి సమాచారం. మే నెల పద్దులతో డిసెంబరు నాటి మొత్తం కలిపితే లెక్క ఎలా కుదురుతుంది? తప్పుకున్న తరువాత మారిన ప్రతి చోటా తప్పు అంకెలే వస్తాయి. కాబట్టి 1, 2, 3 డిస్కుల నకళ్ళను ‘అసెంబుల్’ ఆదేశానికి ‘ఫోర్స్’ అనే మాట చేర్చి కలపాలి. నాలుగు సంఘటనల తేడాను పట్టించుకోవద్దని దాని అర్థం. చివరి క్షణాల్లో రాసినది కొద్దిగా దెబ్బతినవచ్చు. మిగిలినదంతా నిలుస్తుంది. ఈ ఆదేశం సూపర్ బ్లాక్ మీద రాస్తుంది కాబట్టే దీన్ని నకళ్ళ మీదనే ఇవ్వాలన్నాం.

అలాగని 4వ డిస్కును పారేయకండి. 3వ డిస్కు మీద చదవలేకపోయిన చోటు డిసెంబరు తరువాత ఎప్పుడూ మారకపోయి ఉంటే, 1, 2, 4 డిస్కుల లెక్కతో ఆ ముక్కను తిరిగి కట్టవచ్చు. పాత ఫొటోలు ఒకసారి రాశాక మారవు కదా. ఇది ఓపిక, నైపుణ్యం కావలసిన పని. చివరి ఆశగా ఉంచుకోవాలి.

సరిగా కలిసిందని ఎలా తెలుస్తుంది?

సూపర్ బ్లాకులు కూడా చెరిగిపోతే డిస్కుల క్రమాన్ని మనమే ఊహించి కలపాలి. నాలుగు డిస్కులను 24 విధాలుగా అమర్చవచ్చు. ఏది సరైనదో పారిటీ సరిచూస్తే తెలుస్తుందని అనుకుంటారు. తెలియదు. పైన చూసిన లెక్కలో వరుసలను కిందికీ మీదికీ మార్చి చూడండి, ఫలితం మారదు. కూడికలో అంకెల క్రమం ఎలా ముఖ్యం కాదో ఇదీ అంతే. క్రమం తప్పయినా పారిటీ ‘అంతా సరిగానే ఉంది’ అంటుంది. పైగా ఒక డిస్కు లేకుండా కలిపినప్పుడు సరిచూడడానికి అసలు వీలే ఉండదు.

నిజమైన పరీక్ష ఫైళ్ళే. శ్రేణిని చదవడానికి మాత్రమే వీలయ్యే విధంగా తెరచి, కొన్ని మెగాబైట్ల పరిమాణం గల ఫొటోలు పది పదిహేను పూర్తిగా తెరచి చూడండి. ఎండీఏడీఎం ఇప్పుడు మామూలుగా కోసే ముక్క 512 కిలోబైట్లు. చిన్న ఫైలు ఒకే ముక్కలో ఇమిడిపోతుంది కాబట్టి క్రమం తప్పయినా బాగానే తెరుచుకోవచ్చు. పెద్ద ఫొటో అన్ని డిస్కుల మీదికీ పరచుకొని ఉంటుంది. అది పైనుంచి కింది దాకా చారలు లేకుండా కనిపిస్తే క్రమం సరిగా ఉన్నట్లు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఈఎక్స్‌టీ4 ఫైల్ వ్యవస్థను ‘రీడ్ ఓన్లీ’ అని తెరిచినా అది తన జర్నలులో మిగిలిన పనులను డిస్కు మీద పూర్తిచేయవచ్చు. ‘నోలోడ్’ అనే అమరిక చేర్చితే ఆ పని చేయదు.

ఫైళ్ళు కనబడగానే శ్రేణిని బాగుచేయాలన్న ఉత్సాహం వస్తుంది. ఆగండి. ముందు ఫైళ్ళన్నిటినీ మరో డిస్కు మీదికి కాపీ చేయండి. అందులోనూ మళ్ళీ దొరకనివి ముందు, సినిమాలు, పాటలు చివర.

కొత్త డిస్కు వేసి శ్రేణిని తిరిగి నింపడాన్ని ‘రీబిల్డ్’ అంటారు. దీని లెక్క ఒకసారి చూడండి. మామూలు డిస్కులకు తయారీదారులు ఇచ్చే హామీ ప్రకారం 100 లక్షల కోట్ల బిట్లు చదివితే చదవలేని లోపాలు ఒకటికి మించవు. అంటే 12.5 టెరాబైట్లకు ఒకటి. నాలుగు టెరాబైట్ల డిస్కులు మూడింటిని మొదటి నుంచి చివరి దాకా చదివితే 12 టెరాబైట్లు. నిజంగా డిస్కులు ఈ హామీ కంటే సాధారణంగా మెరుగ్గానే పని చేస్తాయి. అయినా, ఒకటి పోయిన శ్రేణిలో మిగిలినవాటన్నిటినీ గంటల తరబడి పూర్తిగా చదివించడం వాటికి పెద్ద పరీక్షే. ఏళ్ళ తరబడి ఎవరూ తెరవని ఫైళ్ళ కింద దాగిన చెడ్డ సెక్టర్లు బయటపడేది ఆ పూటే.

రెయిడ్ ఉన్నది బ్యాకప్ లేకపోవడానికి కాదు

2007లోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి బియాంకా ష్రోడర్, పైన చెప్పిన గార్త్ గిబ్సన్ కలిసి దాదాపు లక్ష డిస్కుల రికార్డులు పరిశీలించారు. తయారీ పత్రాల ప్రకారం ఏడాదికి ఎక్కువలో ఎక్కువ 0.88 శాతం చెడిపోవాలి. వాస్తవంలో మార్చవలసి వచ్చినవి తరచుగా 2 నుంచి 4 శాతం, కొన్ని చోట్ల 13 శాతం దాకా ఉన్నాయి. రెయిడ్ ఆలోచనకు ప్రాణం పోసినవారిలో ఒకరే ఈ లెక్క చెప్పారన్నది గమనించదగ్గ విషయం.

రెయిడ్ ఒక డిస్కు చెడిపోవడం నుంచి మాత్రమే కాపాడుతుంది. పొరపాటున ఫైలు తుడిచేస్తే అది అన్ని డిస్కుల మీద నుంచీ ఒక్క క్షణంలో పోతుంది. వైరస్ పట్టినా, పిడుగు పడినా, దొంగ కంప్యూటరు ఎత్తుకుపోయినా రెయిడ్ చేయగలిగింది ఏమీ లేదు. అందుకే పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం గుర్తుంచుకోండి. ముఖ్యమైన సమాచారానికి మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి. ఒక ప్రతి వేరే చోట ఉండాలి. గార్డెన్ రీచ్‌లోని కుటుంబానికి విశాఖలోనో, విజయనగరంలోనో అన్నగారి ఇల్లు ఉంటే పండగకు వెళ్ళినప్పుడల్లా ఒక డిస్కు అక్కడ ఉంచి, పాతది వెనక్కు తెచ్చుకోవచ్చు. ఒకే తుఫాను రెండు ఊళ్ళనూ ఒకేలా ముంచడం అరుదు.

దానితో పాటు మరి మూడు జాగ్రత్తలు. కంప్యూటరుకు యూపీఎస్ పెట్టి, బ్యాటరీ అయిపోయే లోపల తనంతట తాను ఆగిపోయేలా అమర్చండి. డిస్కు తప్పుకున్న వెంటనే ఈ-మెయిలు వచ్చేలా ఏర్పాటు చేసి, ఒకసారి పరీక్షించి చూడండి. నెలకు ఒకసారి శ్రేణిని పూర్తిగా చదివించి పారిటీ సరిచూడండి. దీన్ని ‘స్క్రబ్’ అంటారు. మన ఉదాహరణలోని ఇంట్లో రెండవ జాగ్రత్త ఒక్కటి ఉన్నా డిసెంబరులోనే కొత్త డిస్కు వచ్చేది. మే నెల గాలివానకు 3వ డిస్కు తప్పుకున్నా శ్రేణి నిలబడేది.

పాఠం ముఖ్యాంశాలు

శ్రేణి కూలితే సమాచారం పోయినట్లు కాదు. మొదట ఆపండి, గుర్తులు పెట్టండి, కేబుళ్ళు చూడండి. నకళ్ళు తీసేదాకా ఏ డిస్కు మీదా ఏమీ రాయకండి. ఈవెంట్ కౌంట్ చూసి ఎవరు ముందు తప్పుకున్నారో తెలుసుకోండి. పాత డిస్కును కొత్తవాటితో కలపకండి. పెద్ద ఫైళ్ళు తెరచి సరిచూడండి. కాపీ చేశాకే బాగుచేయండి. అన్నిటికంటే ముందు, ఈ పాఠంతో అవసరం రాకుండా వేరే చోట ఒక ప్రతి ఉంచుకోండి.

అభ్యాసం: నాలుగు డిస్కుల శ్రేణిలో మొదటి డిస్కు మీద 0101, రెండవ దాని మీద 1110, పారిటీ 1001 ఉన్నాయి. పోయిన మూడవ డిస్కు మీద ఏముండేది? మూడింటినీ ఒకదాని కింద ఒకటి రాసి, నిలువు వరుసల్లో 1లు సరి సంఖ్యలో ఉన్నాయో, బేసి సంఖ్యలో ఉన్నాయో లెక్కపెట్టండి. మీకు 0010 రావాలి. తరువాత వరుసల క్రమం మార్చి మళ్ళీ చేయండి. జవాబు మారదు. డిస్కుల క్రమాన్ని ముందే కాగితం మీద రాసుకోమని చెప్పడానికి కారణం ఇదే.